తాళం చెడితే చీరలు పోయినట్టా?

అనంతపురం అనగానే ఎవరికైనా కరువే గుర్తొస్తుంది. నైరుతి రుతుపవనాలకు పడమటి కనుమలు అడ్డం. ఈశాన్య రుతుపవనాలకు మనం మరీ దూరం. ఏడాది మొత్తానికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా ఏటా నమ్మకంగా పడుతుందా అంటే అదీ లేదు. బిందె నీళ్ళకు కూడా లెక్క చూసుకునే ఊళ్ళో, నీళ్ళు పడి ఫలానా వస్తువు పాడైందంటే వినేవాళ్ళకు నవ్వొస్తుంది.

నా అనుభవం మాత్రం వేరు. ఇరవై ఏళ్ళుగా అనంతపురంలో ఆడపిల్లలకు కంప్యూటరు పాఠాలు చెబుతున్నాను. తడిసిన ల్యాప్‌టాప్‌లు నా దగ్గరికి వానాకాలంలో కంటే ఎండాకాలంలోనే ఎక్కువ వస్తాయి. ఎందుకంటారా? ఎండలు ముదిరేకొద్దీ మన చేతిపక్కన చెంబో, మజ్జిగ గ్లాసో, నిమ్మరసమో తప్పదు కదా! ఇంట్లో ఒక్కటే బల్ల, దాని మీదే ల్యాప్‌టాప్, దాని పక్కనే గ్లాసు. పిల్లలుండే ఇల్లయితే ఇక చెప్పేదేముంది?

అలాగని వాన మనల్ని పూర్తిగా మరిచిపోయిందనీ కాదు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురంలో ఎన్నో కాలనీలు మునిగాయి. మంచాల కింద, అల్మరా అడుగు అరల్లో పెట్టుకున్న ల్యాప్‌టాప్‌లు బురదనీళ్ళలో నానాయి. కరువు సీమ కదా అని ధీమాగా ఉండటానికి లేదని ఆ రెండు మూడు రోజుల్లోనే తెలిసొచ్చింది.

తడిసిన ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చేవాళ్ళు మొదట అడిగేది, "బాగవుతుందా మేడమ్?" అని. కాసేపాగి, గొంతు తగ్గించి అడిగేది మరొకటి ఉంటుంది. "లోపలున్నవి వస్తాయా?" నిజానికి వాళ్ళను నిద్రపోనివ్వనిది ఆ రెండో ప్రశ్నే. ల్యాప్‌టాప్ పోతే అప్పో సప్పో చేసి మరొకటి కొనుక్కుంటాం. పాప పుట్టినప్పటి ఫొటోలు, అయిదేళ్ళ చీటీల లెక్కలు, సగం రాసిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం ఏ అంగట్లో దొరుకుతాయి?

అందుకే ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోండి. బీరువా తాళం చెడిపోతే లోపలి చీరలు పోయినట్టు కాదు. ల్యాప్‌టాప్ కూడా అంతే. తెర, కీబోర్డు, మదర్‌బోర్డు ఒక ఎత్తు. మనం దాచుకున్నవన్నీ ఉండే డిస్కు ఒక ఎత్తు. మొదటివి చచ్చిపోయినా రెండోది బతికి ఉండే అవకాశం చాలా ఎక్కువ. చాలా ఇళ్ళలో అది పోయేది నీళ్ళు పడినందుకు కాదు, పడ్డ తర్వాత మనం చేసే హడావుడికి.

ఉప్పేసిన మజ్జిగ

2024 మే నెలలో ఒక మధ్యాహ్నం ధర్మవరం నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అక్కా, మజ్జిగ పడిపాయె. ల్యాప్‌టాప్ ఆరిపాయె. ఇప్పుడేం జేయాల?" అవతల పిల్లవాడు ఏడుస్తున్నాడు. తను ఏడుపు ఆపుకుంటోంది.

ధర్మవరం సంగతి మీకు తెలుసు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళిందిగానీ, మాకు ఇప్పటికీ పక్క వీధి లాంటి ఊరే. పట్టుచీరల ఊరు. చెల్లెలి ఇంట్లో రెండు మగ్గాలు. మరిది మగ్గం మీద కూర్చుంటాడు. అత్తగారు కండెలు చుడుతుంది. అంచుకూ కొంగుకూ డిజైన్లు వేసే పని చెల్లెలిది. మగ్గం పైనుండే జాకార్డుకు ఏ పోగు లేవాలో, ఏది లేవకూడదో చెప్పేవి చిల్లులు పొడిచిన అట్టలు. ఆ అట్టలు కొట్టాలంటే ముందు గళ్ళ కాగితం మీద గడి గడికీ రంగు నింపి గ్రాఫ్ తయారు చెయ్యాలి. వాళ్ళ మామగారు జీవితమంతా ఆ పని చేత్తోనే చేశారు. చెల్లెలు దాన్ని కంప్యూటరు మీద నేర్చుకుంది.

మామగారు 2021లో పోయారు. ఆయన గీసిన గ్రాఫులకు చెద పడుతోందని చెల్లెలు ఓపిగ్గా ఒక్కొక్కటీ స్కాన్ చేసి ల్యాప్‌టాప్‌లో దాచింది. ఆ తర్వాతి వానాకాలానికి కాగితాలు సగానికి పైగా మట్టిపాలయ్యాయి. అంటే ఆ పెద్దాయన చేతిపని మిగిలింది ఆ ఒక్క పెట్టెలోనే. దాంతోపాటు నాలుగేళ్ళుగా తను వేసిన డిజైన్లు, ఏ మాస్టర్ వీవరు ఎంత అడ్వాన్సు ఇచ్చాడో రాసుకున్న లెక్కలు. పైగా శ్రావణ మాసం ఆర్డర్లు మొదలయ్యే రోజులు. "అక్కా, మామ గీసినివి పోతే అత్తకు ఏమని చెప్పాల?" అన్నదే దాని బాధంతా.

నేను అడిగిన మొదటి ప్రశ్న, "చార్జరు పీకినావా?" అని. లేదంది. "గోడ దగ్గర స్విచ్ ఆపు. చేతులు తుడుచుకో. ఆ తర్వాత వైరు పీకు" అన్నాను. "ఆరిపాయె కదక్కా, ఇంకేముంది?" అంది. అక్కడే చాలామంది పొరపడతారు. తెర ఆరినంత మాత్రాన లోపల కరెంటు ఆగినట్టు కాదు. చార్జరు తీసేసినా లోపల బ్యాటరీ ఉంటుంది.

మొదటి పది నిమిషాలు

అప్పుడు ఫోన్‌లో నేను చెప్పించిన పనులే ఇక్కడ వరసగా రాస్తున్నాను. కత్తిరించి వంటింటి తలుపుకు అంటించుకున్నా నష్టం లేదు.

ముందు మీ క్షేమం. చార్జరు తగిలించి ఉంటే గోడ స్విచ్ ఆపాకే తడి వస్తువును ముట్టుకోవాలి. వరదనీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు మెయిన్ ఆపకుండా నీళ్ళలో కాలు పెట్టకూడదు.

ఇక ల్యాప్‌టాప్ పవర్ బటన్‌ను 10, 15 సెకన్ల పాటు గట్టిగా నొక్కి పట్టుకోండి. దాంతో అది పూర్తిగా ఆగుతుంది. "ఫైలు సేవ్ చేసి ఆపుదాం" అనుకోవద్దు. ఆ అరనిమిషంలో ఒక్క ఫైలు దక్కినా మొత్తం బోర్డు కాలిపోవచ్చు. బ్యాటరీ బయటికి ఊడి వచ్చే పాత రకమైతే తీసి పక్కన పెట్టండి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి బ్యాటరీ లోపలే ఉంటుంది, దాన్ని రిపేరు చేసేవాళ్ళే తీయాలి.

మౌసు, పెన్‌డ్రైవు, ఏవి తగిలించి ఉన్నా పీకండి. పాత నూలు గుడ్డతో పైతడి అద్దండి, రుద్దవద్దు. తర్వాత ల్యాప్‌టాప్‌ను తెరిచి, గుడారంలాగా బోర్లా నిలబెట్టండి. కీబోర్డు కిందివైపుకు ఉండాలి. అప్పుడు లోపలికి దిగినదాంట్లో కొంతైనా బయటికి జారుతుంది. అటూ ఇటూ ఊపవద్దు. ఊపితే తడి తగలని చోటికి కూడా పాకుతుంది.

చివరిది అన్నిటికంటే కష్టమైన పని. మళ్ళీ ఆన్ చేసి చూడకుండా ఉండటం! ఇంట్లో ఎవరో ఒకరు "ఒక్కసారి నొక్కి చూద్దాం" అంటూనే ఉంటారు. మా మరిది కూడా రెండుసార్లు అన్నాడు. చెల్లెలు ల్యాప్‌టాప్‌ను తువ్వాలుతో కప్పి, అత్తగారిని కాపలా పెట్టింది.

నీళ్ళు చంపవు, కరెంటు చంపుతుంది

ఇంత పట్టుదల ఎందుకో చెబుతాను. స్వచ్ఛమైన నీటిలో కరెంటు అంతగా పారదు. నీళ్ళలో కరిగిన లవణాలే కరెంటుకు దారి ఇస్తాయి. మన సీమ బోరు నీళ్ళ సంగతి కొత్తగా చెప్పాలా? ఫ్లోరైడు సరేసరి, మిగతా లవణాలు కూడా ఎక్కువే. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునే పొర మీరు చూసే ఉంటారు. అలాంటి నీళ్ళు బోర్డు మీద పడి, అదే సమయంలో కరెంటు కూడా ఉంటే, వెంట్రుకంత సన్నని రాగి గీతల నుంచి లోహం కరిగి పక్క గీత మీదికి చేరుతుంది. రాగి చెంబుకు చిలుము పట్టినట్టు ఆకుపచ్చగా, తెల్లగా పెచ్చు కడుతుంది. కరెంటు ఉంటే ఆ పని నిమిషాల్లో, గంటల్లో జరుగుతుంది. కరెంటు లేకపోతే నెమ్మదిగా సాగుతుంది. ఆ తేడాయే మనకు దొరికే గడువు.

వట్టి నీళ్ళ కంటే కాఫీ, టీ చెడ్డవి. చక్కెర, పాలు జిగురులా పట్టుకుంటాయి. వాటికంటే ఉప్పేసిన మజ్జిగ ఇంకా చెడ్డది. చెల్లెలి ఇంట్లో పడింది అదే!

బియ్యం డబ్బాలో పెట్టవచ్చా?

"బియ్యంలో పెడితే తడి లాగేస్తుందట కదా?" అని అడగనివాళ్ళు లేరు. పెట్టకండి. బియ్యం లోపలికి వెళ్ళి బోర్డు మీది తడిని తాగలేదు. దాని పిండి, నూక మాత్రం సందుల్లోకి వెళ్ళి కూర్చుంటాయి. తడిసిన ఫోన్‌ను బియ్యం సంచిలో పెట్టవద్దని 2024లో ఆపిల్ కంపెనీయే తన వినియోగదారులకు చెప్పింది.

తల ఆరబెట్టుకునే డ్రయ్యర్ కూడా వద్దు. వేడిగాలి తడిని ఇంకా లోపలికి తోస్తుంది. వడియాల పక్కన మిద్దె మీద ఎండబెట్టడం అసలే వద్దు. మే నెల ఎండ బ్యాటరీకి ప్రమాదం. నీడన, ఫ్యాను గాలికి పెట్టండి. మన వేసవి గాలి ఎంత పొడిదంటే, పైతడి ఇట్టే ఆరుతుంది.

కానీ ఇక్కడొక మోసం ఉంది. ఆరడం వేరు, శుభ్రం కావడం వేరు. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే ఉంటుంది. రెండు రోజుల తర్వాత ఆన్ చేస్తే కొన్ని ల్యాప్‌టాప్‌లు చక్కగా పనిచేస్తాయి కూడా. "హమ్మయ్య" అనుకుంటాం. నెల తిరక్కుండానే ఒకరోజు చెప్పాపెట్టకుండా ఆగిపోతాయి. అందుకే పడింది నీళ్ళు కాక మరేదైనా అయితే, ఆరేదాకా ఎదురు చూడకుండా ఒకటి రెండు రోజుల్లోనే విప్పించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగించాలి. ఎలక్ట్రానిక్స్ రిపేరు చేసేవాళ్ళ దగ్గర అది ఉంటుంది. ఒకవేళ ల్యాప్‌టాప్ దానంతటదే ఆన్ అయిందా, సినిమా చూడటానికి కూర్చోకండి. ముఖ్యమైన ఫైళ్ళు ముందు బయటికి తీసుకోండి.

చీరలు ఉన్న అర ఏది?

మర్నాడు పొద్దున చెల్లెలు ల్యాప్‌టాప్‌ను తువ్వాలులో చుట్టుకుని అనంతపురం వచ్చింది. దారిలో ఒక దుకాణంలో చూపిస్తే, "మదర్‌బోర్డు పోయింది. డేటా కూడా పోయినట్టే. కొత్తది తీసుకోండి" అన్నారట. మొదటి మాట నిజమే. రెండో మాట నేను ఒప్పుకోలేదు. నాకు తెలిసిన ఒక రిపేరు కుర్రాడి దగ్గర మా ఎదుటే విప్పించాం.

డిస్కులు ముఖ్యంగా మూడు రకాలు. పాత ల్యాప్‌టాప్‌లలో ఉండేది హార్డ్ డిస్కు. అరచేతి వెడల్పు, లోపల తిరిగే పళ్ళేలు ఉంటాయి. రెండోది ఎస్‌ఎస్‌డి. దీంట్లో తిరిగేదేమీ ఉండదు, అంతా చిప్పులే. కొన్ని అరచేతంత ఉంటాయి, కొన్ని 8 సెంటీమీటర్ల పొడవున్న సన్నని పట్టీలా ఉంటాయి. ఈ రెండు రకాలనూ స్క్రూలు విప్పి బయటికి తీయవచ్చు. మూడో రకంలో చిప్పులను మదర్‌బోర్డుకే అతికించేస్తారు. కొన్ని పలుచటి ల్యాప్‌టాప్‌లు, ఇటీవలి ఆపిల్ మ్యాక్‌బుక్‌లు ఇలాంటివి. వీటిలో చీరలు వేరు, బీరువా వేరు అని ఉండదు. డేటా కావాలంటే ఆ బోర్డునే బతికించాలి. అది నిపుణుల పని, ఖర్చు కూడా ఎక్కువ. మీది ఏ రకమో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోవడం మంచిది.

చెల్లెలి దాంట్లో ఉన్నది పట్టీ ఎస్‌ఎస్‌డి. కీబోర్డు కింద బోర్డు మీద ఉప్పు తెల్లగా తేలి ఉంది. డిస్కు అంచున, బంగారు రంగు పళ్ళ దగ్గర మాత్రం చిన్న మరక. ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, బాగా ఆరనిచ్చి, ఎన్‌క్లోజర్ అనే చిన్న డబ్బాలో బిగించి, యూఎస్‌బి వైరుతో నా కంప్యూటరుకు తగిలించాం. ఆ డబ్బా వెయ్యి, పదిహేను వందల్లో దొరుకుతుంది. అరచేతి డిస్కులకైతే ఇంకా తక్కువలో వైరు దొరుకుతుంది.

డిస్కు కనబడింది! చెల్లెలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతలో తెర మీద ఒక తాళం బొమ్మ.

తాళంచెవి ఎవరి పేరున ఉంది?

ఇప్పటి విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి బిట్‌లాకర్ అనే రక్షణ ఉంటుంది. మనం అడగకపోయినా, కొన్నప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ కాగానే అదే మొదలవుతుంది. దొంగ చేతిలో పడ్డా మన డేటా చదవలేడు, మంచిదే. కానీ డిస్కును విప్పి వేరే కంప్యూటరుకు తగిలిస్తే మనల్నీ దొంగ కిందే లెక్కకట్టి తాళంచెవి అడుగుతుంది. ఆ తాళంచెవి 48 అంకెలు. దాన్ని పగలగొట్టే ఉపాయం ఏ రిపేరు అంగట్లోనూ లేదు. సాధారణంగా అది ల్యాప్‌టాప్ మొదట ఎవరి మైక్రోసాఫ్ట్ అకౌంటుతో మొదలుపెట్టారో ఆ అకౌంటులో దాచి ఉంటుంది.

"ఎవరి అకౌంటు?" అని అడిగాను. చెల్లెలికి తెలీదు. నాలుగేళ్ళ కిందట ల్యాప్‌టాప్ కొన్నప్పుడు, బెంగళూరులో ఉద్యోగం చేసే తమ్ముడు సెలవుల్లో వచ్చి "నేను చూసుకుంటాలే అక్కా" అని తన ఈమెయిల్‌తో అన్నీ పెట్టేశాడట. వాడికి ఫోన్ చేస్తే ఆ ఈమెయిల్ వాడటం మానేసి మూడేళ్ళయింది, పాస్‌వర్డు గుర్తులేదన్నాడు. మార్చుకుందామంటే ఓటీపీ పాత నంబరుకు వెళుతుంది. ఆ పాత నంబరు ఎక్కడుంది? వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, వాడు కొత్త సిమ్ము తీసుకుని పాతది అమ్మకిచ్చాడు. అంటే ఊళ్ళో మా పిన్ని బటన్ల ఫోనులో!

పిన్ని శనగచేనులో ఉంది. సాయంత్రం ఇంటికొచ్చి, కళ్ళజోడు వెతుక్కుని, ఒక్కొక్క అంకే చదివింది. "ఏడు... రెండు... ఇది సున్నానా, ఎనిమిదా?" మూడో ప్రయత్నానికి అకౌంటు తెరుచుకుంది. 48 అంకెలూ నేను చదువుతుంటే చెల్లెలు కొట్టింది. తాళం బొమ్మ మారిపోయింది. మామగారి పేరుతో ఉన్న ఫోల్డరు తెరిచాం. గళ్ళ కాగితం మీద మామిడిపిందెల అంచు, మూలన పెన్సిలుతో ఆయన వేసుకున్న లెక్క, అన్నీ అలాగే ఉన్నాయి. చెల్లెలు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇల్లు ఎవరి పేరున ఉంది, పొలం ఎవరి పేరున ఉంది అని ఈ పేజీల్లో మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఇకనుంచి ఇదీ కలుపుకోండి. మీరు పనిచేసుకునే ల్యాప్‌టాప్ అకౌంటు ఎవరి పేరున ఉంది? అన్నదో, తమ్ముడిదో, భర్తదో, అమ్మిన కుర్రాడిదో అయితే ఈ వారమే మీ ఈమెయిల్, మీ ఫోన్ నంబరు పెట్టించుకోండి. నమ్మకం లేక కాదు. ఆపద వచ్చినప్పుడు వాళ్ళు ఊళ్ళో ఉండకపోవచ్చు. ఆ 48 అంకెల తాళంచెవిని కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజులు పెట్టే చోట పెట్టండి. ల్యాప్‌టాప్ సంచిలో మాత్రం కాదు సుమా!

తెరుచుకున్నాక తొందర వద్దు

డిస్కు తగిలించగానే "దీన్ని వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చేయమంటారా?" అని కంప్యూటరు అడగవచ్చు. ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోవద్దు. ఆపి, తెలిసినవాళ్ళను పిలవండి. డిస్కు తెరుచుకుంటే, తిరిగి రానివి ముందు, మళ్ళీ దొరికేవి తర్వాత కాపీ చెయ్యండి. మేము మామగారి గ్రాఫులు, చెల్లెలి డిజైన్లు, లెక్కలు, ఫొటోలు, ఆ వరసలో తీశాం. సినిమాలు, పాటలు చివరికి. కాపీ అయిన తర్వాత నాలుగైదు ఫైళ్ళు తెరిచి చూసుకోండి. పేరు కనిపించినంత మాత్రాన లోపల బాగున్నట్టు కాదు. దెబ్బతిన్న డిస్కులో కొత్తగా ఏదీ రాయకూడదు. పాతవాటి మీద పడితే తిరిగి రావు.

హార్డ్ డిస్కు టకటకమని గానీ, గీరినట్టు గానీ చప్పుడు చేస్తే వెంటనే ఆపండి. దాంట్లో పళ్ళేల మీద కంటికి కనిపించనంత ఎడంతో ఒక ముల్లు తిరుగుతుంది. ధూళి కణం అడ్డొచ్చినా గీసుకుపోతుంది. దాన్ని ఇంట్లో విప్పకూడదు. ధూళి లేని ప్రత్యేక గదులున్న డేటా రికవరీ సంస్థలకే పంపాలి. మనకు దగ్గరలో బెంగళూరు, హైదరాబాదుల్లో ఉన్నాయి. వరదలో నానిన హార్డ్ డిస్కు విషయంలో ఇంకో విచిత్రం. దాన్ని మనం ఆరబెట్టకూడదు! ఆరితే బురద పళ్ళేలకు అంటుకుని గట్టిపడుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో తడిగానే మూసి, వీలైనంత త్వరగా నిపుణులకు చేర్చాలి.

ఆశ వదులుకోవద్దని చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక కూలిపోయింది. మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు అసువులు బాశారు. ఆ నౌకలో జరిగిన ఒక శాస్త్ర ప్రయోగం వివరాలున్న హార్డ్ డిస్కు, కాలి కమిలిన ముద్దగా అమెరికాలోని టెక్సాస్ నేలమీద దొరికింది. నిపుణులు దాని పళ్ళేలు విప్పి, శుభ్రం చేసి, మరో యంత్రంలో బిగించి దాదాపు 99 శాతం సమాచారాన్ని చదివారు. ఆ ప్రయోగ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. ఆకాశం నుంచి పడ్డ డిస్కే మాట్లాడినప్పుడు, మజ్జిగ పడ్డదాన్ని చూడకుండానే చెత్తబుట్టలో వేస్తామా?

అంగడికి వెళ్ళేటప్పుడు

రిపేరుకు ఇచ్చేటప్పుడు ఆడవాళ్ళకు ఉండే భయం నాకు తెలుసు. ఇంటి ఫొటోలు, బ్యాంకు కాగితాలు, అన్నీ అందులోనే. అందుకే కొన్ని జాగ్రత్తలు. తెర, కీబోర్డు మాత్రమే బాగు చేయిస్తుంటే డిస్కును మీ ఎదుటే తీయించి ఇంటికి తెచ్చుకోండి. పాస్‌వర్డు కాగితం మీద రాసి ఇవ్వకండి. డేటా తీయించాలంటే పక్కన కూర్చోండి, కాపీ మీ సొంత డిస్కులోకే చేయించుకోండి. వేరే ఊరి సంస్థకు పంపితే, ముందు ఖర్చు అంచనా రాతపూర్వకంగా అడగండి. డేటా దొరక్కపోతే ఎంత తీసుకుంటారో, డిస్కు తిరిగి ఇస్తారో లేదో తేల్చుకోండి. పాత డిస్కును, మార్చిన భాగాలను తప్పకుండా వెనక్కి తీసుకోండి.

వారంటీ ఉంది కదా అంటారా? మామూలు వారంటీలో ద్రవాలు పడి చెడిపోవడం సాధారణంగా చేరదు. ప్రమాదాలకు విడిగా డబ్బు కట్టిన ప్లాను ఉంటేనే వర్తిస్తుంది. ఆ ప్లాను ఉంటే బయట విప్పించే ముందు కంపెనీ వాళ్ళను అడగండి. వాళ్ళు యంత్రం మార్చి ఇస్తారేమో గానీ డేటాకు పూచీపడరు. ఆ మాట ముందే చెప్పి డిస్కు సంగతి తేల్చుకోవాలి.

ఆవకాయ అంతా ఒకే జాడీలో పెడతామా?

చెల్లెలి ల్యాప్‌టాప్ బతకలేదు. బోర్డు మార్చే ఖర్చుతో సెకండ్‌హ్యాండ్‌ది మరొకటి వస్తుందని అదే తీసుకుంది. మజ్జిగ పడిన మధ్యాహ్నం వేస్తున్న కొంగు డిజైను మాత్రం సేవ్ కాలేదు, అది పోయింది. రెండు రాత్రులు కూర్చుని మళ్ళీ వేసింది. శ్రావణానికి మగ్గాలు ఆగలేదు.

ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టాక మనమేం చేస్తాం? ఒక జాడీ అటక మీద, ఒకటి వంటింట్లో. కూతురికో సీసా, చెల్లెలికో సీసా. ఎక్కడో ఒకచోట బూజు పట్టినా మిగతాది ఉంటుంది. ఫైళ్ళకూ అదే పద్ధతి. మూడు ప్రతులు ఉండాలి. అవి కనీసం రెండు రకాల వస్తువుల్లో ఉండాలి. ఒకటి ఇంటి బయట ఉండాలి. ల్యాప్‌టాప్‌లో ఒకటి, విడి హార్డ్ డిస్కులో ఒకటి, ఇంటర్నెట్‌లో ఒకటి. గూగుల్ అకౌంటు ఉన్న ఎవరికైనా 15 జీబీ దాకా ఉచితం. సినిమాలు పట్టవుగానీ లెక్కలు, సర్టిఫికెట్లు, ముఖ్యమైన ఫొటోలు హాయిగా పడతాయి. ఆధార్ లాంటివి, చాలా బోర్డుల మార్కుల జాబితాలు 2015లో ప్రభుత్వం ప్రారంభించిన డిజిలాకర్‌లో నేరుగా దొరుకుతాయి. వాటి కోసం దిగులు అక్కర్లేదు. విడి డిస్కును రోజంతా ల్యాప్‌టాప్‌కు తగిలించి ఉంచవద్దు. గ్లాసు దొర్లితే రెండూ తడుస్తాయి.

ఇప్పుడు చెల్లెలు శుక్రవారం సాయంత్రం గడపకు పసుపు రాసి, దీపం పెట్టాక, వారం పని విడి డిస్కులోకి ఎక్కిస్తుంది. పది నిమిషాల పని. మామగారి గ్రాఫుల ప్రతి ఒకటి నా దగ్గర, ఒకటి బెంగళూరు తమ్ముడి దగ్గర ఉంది. బల్ల మీద గ్లాసు ఉండకుండా చూడటం సాధ్యమా అంటే, మన ఎండల్లో అది అయ్యే పని కాదని నేనూ ఒప్పుకుంటాను. కనీసం ల్యాప్‌టాప్ కంటే పల్లంగా, పక్కన ఒక పీట వేసి దాని మీద పెట్టుకోండి. దొర్లినా నేలపాలే అవుతుంది.

ఈ పేజీ మడిచి పెట్టేముందు మూడు సంగతులు చూసుకోండి. మీ అకౌంటు మీ పేరున ఉందా? తాళంచెవి కాగితం మీద ఉందా? మీకు ఎంతో ప్రియమైన ఆ ఒక్క ఫోల్డరు ఇంకో చోట కూడా ఉందా? మూడింటికీ "ఉంది" అనగలిగితే, ఈ వేసవిలో మజ్జిగ నిశ్చింతగా తాగండి.